గ్రీకు ‘మ్యూఓ’కూ తెలుగు ‘మూయు’కూ చుట్టరికం ఉందా?

కళ్ళు గానీ నోరు గానీ మూసుకోవడాన్ని చెప్పే ప్రాచీన గ్రీకు క్రియ ‘మ్యూఓ’కూ, మన ‘మూయు’కూ చుట్టరికం ఉందా అని మీరు అడిగారు. లేదు. గ్రీకు నేర్చుకోవడం మొదలుపెట్టిన ఏడాది నేనూ ఉందనే అనుకొని, ఈ రెండు మాటలనూ నోటు పుస్తకంలో పక్కపక్కన రాసి మధ్య గీత గీశాను. ఆ గ్రీకు అచ్చు తొలికాలంలో ‘ఊ’ గానే పలికేదని తెలిశాక ఆ నమ్మకం మరింత గట్టిపడింది. అయితే మన ‘మూయు’ కన్నడ ‘ముచ్చు’తో, మూయడమనే అర్థంలో తమిళులు వాడే ‘మూడు’తో పాటు ద్రావిడ కుటుంబానికి చెందినది. ‘మ’కారం పలకాలంటే పెదవులు కలవక తప్పదు గనుక, రెండు భాషా కుటుంబాలు దేనికది ఇలాంటి మాటకు చేరుకోవడంలో వింతేమీ లేదని నాకనిపిస్తుంది. చుట్టరికం వెతకదలిస్తే ‘మూగ’లో వెతకాలి. దాని మూలమైన సంస్కృత ‘మూక’ను లాటిన్ ‘మూతుస్’తోనూ గ్రీకు ‘మ్యూఓ’తోనూ ఒకే ధాతువు కింద చూపడం వ్యుత్పత్తి నిఘంటువులలో పరిపాటి.

ఈ క్రియ సంతతి మనకు పరిచితమే. ప్రాచీన గ్రీసులో రహస్య పూజలు జరిగిన ఎలూసిస్‌లో దీక్ష పుచ్చుకొని, అక్కడ చూసినది బయట చెప్పకూడని వారిని ‘మ్యూస్తాయ్’ అనేవారు. ‘మిస్టరీ’ ఆ దారిన వచ్చినదే. హ్రస్వదృష్టికి వైద్యులు వాడే ‘మయోపియా’లోనూ ఇదే క్రియ ఉంది. ఆరో తరగతిలో నల్లబల్ల మీది అంకెల కోసం నేను కళ్ళు చికిలించి చూసేవాణ్ణి. రెప్పల సందు సన్నబడితే కంటిలోకి పక్కల నుంచి వచ్చే కాంతి తగ్గి, అలుక్కుపోయిన అంకె కాస్త తేటపడుతుంది. గ్రీకులు ఆ చికిలింపును చూసే ఈ పేరు పెట్టారని తెలిసిన రోజు ఎంతో సంతోషించాను.

నన్ను అన్నిటికన్నా ఎక్కువకాలం పట్టి ఉంచినది మాత్రం హోమర్ గ్రీకు ఇతిహాసం ఇలియడ్ 24వ సర్గ. ఈ క్రియ సాధారణంగా అకర్మకం. మనిషి కళ్ళు మూయడం కాదు, కళ్ళే మూతపడడం. కొడుకు హెక్టర్ శవం కోసం రాత్రివేళ శత్రువు అకిలీస్ దగ్గరికి బయలుదేరిన ముసలి రాజు ప్రయామ్‌కు, దారిలో యువకుడి రూపంలో ఎదురైన హెర్మెస్ దేవుడు, శవం చెడలేదనీ, పొడిచిన గాయాలన్నీ మూసుకుపోయాయనీ చెబుతాడు. తరవాత అకిలీస్‌తో కలిసి భోజనం చేసిన ప్రయామ్, నీ చేతుల్లో నా కొడుకు ప్రాణం పోయిన నాటి నుంచీ రెప్పల కింద నా కళ్ళు మూతపడలేదు, ఇక పడుకోనివ్వమని అడుగుతాడు. రెండు చోట్లా క్రియ ఇదే.

నా కోసం ఆ భాగాన్ని తెలుగు చేసుకున్నప్పుడు, మొదట గాయాలు ‘మానాయి’ అనీ, కళ్ళ దగ్గర ‘కంటిమీద కునుకు లేదు’ అనీ రాశాను. రెండూ చక్కని తెలుగే. కానీ మానడమన్నది బతికున్న ఒంటికే చెల్లుతుంది. పైగా ‘కునుకు’ అనగానే కొడుకు గాయాలకూ తండ్రి కళ్ళకూ మధ్య ఆ క్రియ వేసిన ముడి ఊడిపోతుంది. చాలాసార్లు కొట్టివేసి, తిరగరాసి, చివరకు రెండు చోట్లా ‘మూతపడు’ అనే ఉంచాను. గాయాలు మూతపడ్డాయంటే తెలుగు చెవికి కొంచెం కొత్తగా వినబడుతుందని తెలిసీ దాన్ని మార్చలేదు.