అమ్మాయి చెత్త మీద ఎంటెక్ చేస్తానంటోంది!

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ చివరి ఏడాది. ఘన వ్యర్థాల నిర్వహణలో ఎంటెక్ చేస్తానంటోంది. దానికి భవిష్యత్తు ఉందా? నలుగురికీ ఏమని చెప్పుకోవాలి? పోనీ, చెత్త నుంచి కరెంటు తీసే కోర్సు మేలా?
– ఒక తండ్రి

జవాబు: మీ అసలు దిగులు రెండో ప్రశ్నలో ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, అన్నింటిలోనూ అదే ఉంటుంది. ముందు పని సంగతి చెబుతాను. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2016లో ప్రపంచమంతటా 201 కోట్ల టన్నుల పట్టణ చెత్త పోగైంది. 2050కల్లా అది 340 కోట్లకు చేరవచ్చు. పేద దేశాల్లో 90 శాతానికి పైగా ఆరుబయట పారబోస్తున్నారు, లేదంటే తగలబెడుతున్నారు. మీ అమ్మాయికి పని దొరకదన్న టెన్షన్ వద్దు.

కరెంటు కోర్సు మీదే నాకు అనుమానం. పేరు బాగుంటుంది, చెప్పుకోవడానికీ బాగుంటుంది. కానీ చెత్తను కాల్చి కరెంటు తీసే కొలిమి సరిగ్గా మండాలంటే కిలో చెత్తలో సుమారు 7 మెగాజౌళ్ల వేడి ఉండాలి. వర్ధమాన దేశాల చెత్తలో సగానికి పైగా తిండి, ఆకులే. ఒక సంచి విప్పి చూడండి: తొక్కలు, మిగిలిపోయిన తిండి, అడుగున నల్లటి నీళ్లు. వేడిలో చాలా భాగం ఆ తడిని ఆవిరి చేయడానికే పోతుంది. తడి, పొడి వేరు చేయని ఊళ్లో కొలిమి కడితే చివరికి అది మూలనపడే ఖరీదైన యంత్రమే. ఆ ఒక్క యంత్రం చుట్టూ కెరీర్ కట్టుకోమని నేను చెప్పలేను.

2017లో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలోని కోషే డంపింగ్ యార్డులో చెత్తకొండ కూలి వంద మందికి పైగా చనిపోయారు. కుప్ప వాలు ఎంత ఉండాలి, నీరు ఎటు పోవాలి, మట్టి ఎలా కప్పాలి అన్నవన్నీ సివిల్ ఇంజినీరు పనులే. మీ అమ్మాయి చదివింది అదే కదండీ! నలుగురేమంటారోనని ఆ పిల్లను వెనక్కి లాగడం తప్పు. మీకు కోపం వచ్చినా సరే, ఈ మాట అనక తప్పదు.

మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే ఉండొచ్చు. బండ్ల రూట్లు, కాంట్రాక్టులు, మున్సిపల్ ఖర్చుల లెక్కలు కూడా నేర్పే కోర్సు చూడండి. చెత్త ఏరి బతికేవాళ్లతో కలిసి పనిచేయడం నేర్పితే ఇంకా మంచిది.

చేరేముందు ఆమెను ఒక వారం యార్డుకు పంపండి. చెత్తలో ఏ రకం ఎంతుందో తేల్చడానికి కుప్ప పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండిటిని ఉంచుకుని, మళ్లీ కలిపి, చివరికి మిగిలింది రకాలవారీగా తూచనివ్వండి. ఒకరోజు మీరూ వెళ్లి ఆ కాటా పట్టుకోండి.