సంగీత చికిత్స: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కర్ణాటక గాత్రంలో డిప్లొమా, ఆరు నెలల ఆన్‌లైన్ మ్యూజిక్ థెరపీ కోర్సు చేశాను. మేధోవైకల్యం ఉన్న పిల్లల స్కూల్లో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. పనిలో ఎదగాలంటే ఇప్పుడు ఏ కోర్సు చేయమంటారు?
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: కోర్సుకు కట్టాలనుకున్న డబ్బు ముందు సూపర్‌విజన్‌కి, అంటే అనుభవం ఉన్నవారు మీ పని చూసి సలహా ఇవ్వడానికి, పెట్టండి. అమెరికాలో మ్యూజిక్ థెరపిస్టు కావాలంటే రోగులతో పనిచేస్తూ నేర్చుకునే క్లినికల్ శిక్షణ కనీసం 1,200 గంటలు ఉండాలి. ఆపైన బోర్డు సర్టిఫికేషన్ నిలవాలంటే ఐదేళ్లకోసారి 100 శిక్షణ క్రెడిట్లు చూపించాలి. బ్రిటన్‌లో రిజిస్టర్ కాకుండా మ్యూజిక్ థెరపిస్టునని చెప్పుకోవడానికే వీల్లేదు. మన రిహాబిలిటేషన్ కౌన్సిల్ స్పెషల్ ఎడ్యుకేటర్లను, క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేస్తుంది గానీ మ్యూజిక్ థెరపిస్టులను చేయదు. అందుకే ఎవరికి వారు సర్టిఫికెట్లు పంచుతున్నారు. గోడకు తగిలించుకోవడానికి అవి బాగానే ఉంటాయి.

పదిహేను రోజులకోసారి గంటసేపు మీ పని చూసి మాట్లాడే మనిషి కావాలి. సంగీతం, వైకల్యం రెండూ తెలిసినవారు దొరక్కపోతే ఇద్దరిని పెట్టుకోండి: ఆన్‌లైన్‌లో ఒక సీనియర్ థెరపిస్టు, ఊళ్లో ఒక క్లినికల్ సైకాలజిస్టు. మేధోవైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ మనోవికాస్‌నగర్‌లో, మీకు దగ్గరే ఉంది. అక్కడి స్వల్పకాలిక శిక్షణల గురించి వాకబు చేయండి.

సూపర్‌విజన్‌కి ఉత్త చేతులతో వెళ్లకండి. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతితో ఐదు నిమిషాల వీడియో తీయండి. కాగితం మీద మూడు గడులు గీయండి: మీరేం చేశారు, ఎన్ని సెకన్లు ఆగారు, పిల్లవాడు ఏం చేశాడు. చాలామందికి రెండో గడిలోనే అసలు లోపం బయటపడుతుంది. 'చేయి వేయి' అని పాడి డప్పు ముందుకు జరుపుతారు. పిల్లవాడి వేళ్లు కదలడం మొదలయ్యేలోపే తాళం తప్పుతుందని తర్వాతి చరణం అందుకుంటారు. వాడు చేయి వెనక్కి తీసుకుంటాడు. రిపోర్టులో 'స్పందన లేదు' అని రాస్తారు. మేధోవైకల్యం ఉన్న పిల్లలకు మాట అర్థమై, ఒళ్లు కదలడానికి ఎక్కువ సమయం పడుతుంది. శ్రుతి మాత్రం మోగనిచ్చి, మనసులో పది దాకా లెక్కపెట్టండి. ఏళ్ల తరబడి తాళం పట్టిన చేతికి ఇది అంత తేలిగ్గా మింగుడు పడదు. ఆరు వారాల తర్వాత అదే పాటతో మళ్లీ వీడియో తీసి రెండో గడి పోల్చండి. పోల్చడం అయ్యాక రెండు వీడియోలూ డిలీట్ చేయండి. స్కూలు వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ఆ అనుమతి చెల్లదు.

ప్రశ్న: మెహదీపట్నం వైపు వృద్ధాశ్రమంలో డిమెన్షియా ఉన్నవారికి పాడుతున్నాను. ఒక పెద్దావిడ పాట మధ్యలో ఏడ్చేస్తారు. ఆపేయాలా? బీపీకి ఏ రాగం పాడాలని సిబ్బంది అడుగుతున్నారు, ఏం చెప్పాలి?

జవాబు: ఠక్కున ఆపితే ఏదో తప్పు చేశానేమోనని ఆవిడ బెదురుతారు. గొంతు తగ్గించి, మాటలు వదిలి, హమ్మింగ్‌లోకి రండి. ఆవిడ కళ్ల ఎత్తుకు దిగి కూర్చోండి. ఊపిరి కుదుటపడితే కొనసాగించవచ్చు. చేతులు బిగుసుకున్నా, ముఖం తిప్పుకున్నా, లేచి వెళ్లబోయినా ఆ పాట ఆ రోజుకు చాలు. ఏ చరణం దగ్గర మొదలైందో రాసి కుటుంబాన్ని అడగండి.

అసలు అడగాల్సింది పాట ఎంచుకునే ముందే. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య విన్నవే ఎక్కువగా గుర్తుంటాయి. కాబట్టి అప్పుడు ఏ ఊళ్లో ఉన్నారు, ఇంట్లో ఏ భాష, ఏ మతం అన్నది ముఖ్యం. పాతబస్తీలో పెరిగినావిడకు మీ అన్నమయ్య కీర్తన కన్నా పెళ్లిళ్లలో పాడే ఢోలక్ గీత్ దగ్గర కావచ్చు. అందరికీ భజనతో మొదలుపెట్టే అలవాటు హైదరాబాద్‌లో అసలు పనికిరాదు.

ఇక రాగం సంగతి. ఫలానా రాగం బీపీకి మాత్రలా పనిచేస్తుందని చెప్పకండి, మందు మానేసేవాళ్లుంటారు. మనసు కుదుటపరచాలంటే, మనిషి ఇప్పుడున్న స్థితికి సరిపోయే వేగంతో మొదలుపెట్టి మెల్లగా తగ్గించడమే ఆధారపడదగ్గ పద్ధతి.

ప్రశ్న: బాలికల హోమ్‌లో పాట కట్టిస్తుంటే ఒక అమ్మాయి బంధువు చేసిన లైంగిక వేధింపు చెప్పింది. ఎవరికీ చెప్పొద్దంది. మాట ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వకూడదు. పోక్సో చట్టం 2012, సెక్షన్ 19 ప్రకారం తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. హోమ్ సూపరింటెండెంట్ చెవిన వేసి ఊరుకుంటే మీ బాధ్యత తీరదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు. అమ్మాయి అన్న మాటలు అన్నట్టే రాసి తేదీ, సమయం వేయండి. ఎప్పుడు, ఎన్నిసార్లు అని గుచ్చి అడగకండి, ఆ పని దర్యాప్తు చేసేవారిది. 'నిన్ను కాపాడటానికి ఒకరిద్దరికి చెప్పాలి' అని ముందే చెప్పండి. తర్వాతి వారం సెషన్ మానకండి, చెప్పినందుకే మీరు రావడం మానేశారనుకుంటుంది. అసలు ఏ మాట బయటికి చెప్పాల్సి వస్తుందో తొలి సెషన్‌లోనే పిల్లలకు అర్థమయ్యేలా చెప్పి ఉంచాలి.

ప్రశ్న: ఆసుపత్రి వార్డులో వాయిద్యాలు ఎలా శుభ్రం చేయాలి?

జవాబు: తోలు వాయిద్యం మీద శానిటైజర్ వేస్తే తోలు ఎండి బిగుస్తుంది. వార్డుకి సింథటిక్ మూత ఉన్న డ్రమ్ములే తీసుకెళ్లి, ఒక్కో రోగికీ మధ్య ఆల్కహాల్ వైప్‌తో తుడవండి. పిల్లనగ్రోవి ఒకరిది ఇంకొకరికి ఇవ్వొద్దు. మూడేళ్ల లోపు పిల్లల చేతికి విడి గజ్జెలు ఇవ్వొద్దు, నోట్లో పెట్టుకుంటారు.