జాంబీ కథ రాసిన అబ్బయ్యకు

కావలి

చిరంజీవి అబ్బయ్యకు,

నీ కథ అందింది. రొయ్యల గుంటల గట్ల మీద శవాలు నడిచిరావడమనే ఊహ బాగుంది. అయితే రెండో పేజీకే ఏడుగురిని చంపేశావు. ఐదో పేజీకొచ్చేసరికి ఎవడు పోయినా నాకు చీమ కుట్టినట్టయినా లేదు.

జాంబీ సినిమాలంటే నాకు చిన్నచూపే. కేకలు, పరుగులు, డబ్బాలకొద్దీ ఎర్రరంగు, అంతే కదా అనుకునేవాణ్ణి. మొన్న సంక్రాంతికి మా మనవడు ఒకటి పెట్టాడు. 'పాంటీపూల్', 2008 నాటి కెనడా సినిమా. పది నిమిషాలు చూసి లేద్దామనుకున్నవాణ్ణి, అయిపోయేదాకా కదల్లేదు.

కథ దాదాపు అంతా ఒక చిన్న రేడియో స్టేషన్‌లోనే. బయట జనం పిచ్చెత్తి ఒకరి మీద ఒకరు పడుతుంటారు. చాలాసేపు మనకది కనపడదు, ఫోన్లలో వినపడుతుందంతే. హెలికాప్టర్ నుంచి ట్రాఫిక్ కబుర్లు చెప్పే విలేకరి ఒకడున్నాడు. నిజానికి వాడికి హెలికాప్టరే లేదు! గుట్ట మీద కారాపుకుని, వెనక ఆ చప్పుడు పెట్టుకుని మాట్లాడుతుంటాడు. ముందు నవ్వుకుంటాం. కాసేపటికి అదే గొంతు వణుకుతుంది.

ఇంతకీ ఆ జబ్బు దేనివల్ల పాకుతుందనుకున్నావ్? మాట వల్ల. ఇంగ్లీషులో కొన్ని మాటలకి పురుగు పట్టింది, ముఖ్యంగా ముద్దుగా పిలుచుకునే మాటలకి. విని అర్థం చేసుకున్నవాడికి తగులుకుంటుంది. ఇక వాడు ఆ ఒక్క మాటనే తిప్పితిప్పి అంటుంటాడు. అందుకే లోపలున్నవాళ్లు వచ్చీరాని ఫ్రెంచిలో మాట్లాడుకోవాల్సొస్తుంది. నోరే బతుకుతెరువైన రేడియో మనిషికి, నోరు తెరిస్తే వినేవాళ్లు చస్తారేమోనన్న టెన్షన్. రాసేవాళ్లకి ఇంతకంటే దడ పుట్టించేది ఏముంది? విరుగుడేమిటో చెప్పను, చూసుకో.

సినిమా అయ్యాక నీ కథ మళ్లీ తీశాను. 'నెత్తురు గడ్డకట్టింది' మూడుచోట్ల, 'గుండె ఆగినంత పనైంది' నాలుగుచోట్ల. పెన్సిలుతో సున్నాలు చుట్టాను. అవి నీకెక్కడో అంటుకున్న మాటలు. (నాకూ ఉండేవిలే, పాత కథలు తీయడానికి సిగ్గేస్తుంది.)

1989 నవంబర్ తుపాను ఇక్కడే, కావలి దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి నేను కళ్లతో చూసిందేం లేదు. కరెంటు లేదు. తలుపుకి బల్ల అడ్డంపెట్టి, నేనూ మా నాయనా దానిమీద కూర్చున్నాం. ఎక్కడో రేకు లేచి ఎగిరిపోయిన చప్పుడు. నాయన కాసేపు చెవొగ్గి, "మనది కాదులే" అన్నాడు. తెల్లారి చూసినవి సగం మర్చిపోయాను. ఆ మాట మాత్రం ఇంకా చెవిలో ఉంది.

గుంటల దగ్గర రాత్రి కాపలా ఉన్నవాడివి నువ్వు. నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల మోతకే నిద్ర పడుతుందనీ, కరెంటు పోయి అవి ఆగితే ఉలిక్కిపడి లేస్తాననీ చెప్పింది నువ్వే. టార్చి వేస్తే నీళ్లమీద రొయ్యల కళ్లు నిప్పురవ్వల్లా మెరుస్తాయన్నావు. జనరేటర్ ఆలస్యమైతే గాలాడక అవి పైకి తేలతాయన్నావు. కథలో ఒక్క ముక్కయినా లేదేం? శవం సంగతి తర్వాత. ముందు ఆ ఏరేటర్లు ఆపు. టార్చి నీ కథలో కాపలావాడి చేతికియ్యి. జనరేటర్ ఎంతకీ స్టార్టవకూడదు.

ఏడుగురిలో ఆ కాపలావాణ్ణి ఒక్కణ్ణే ఉంచి, తిరగరాసి తీసుకురా. పట్టుబడి అయ్యుంటే ఒక కిలో రొయ్యలు కూడా. మీ అమ్మమ్మ అడగమంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య