ముందు ఆ ఫొటో బయటికి తీయండి

మీవారి స్నేహితుడూ ఆయన భార్యా ప్రమాదంలో పోతే, తొమ్మిదేళ్ల వాళ్ల పాపను మీరు దత్తత తీసుకున్నారు. ఏడాది దాటినా మీవారిని బాబాయ్ అనీ, మిమ్మల్ని ఆంటీ అనీ పిలుస్తోందని బాధపడుతున్నారు. పాపతో కలిసి పాత అమెరికన్ కామెడీ సీరియళ్లు చూస్తుంటారట. వాటిలో పెంపుడు పిల్లలు ఇట్టే మామ్, డాడ్ అనేస్తారు, మా పాపతో ఎలా అనిపించాలి అని అడిగారు.

అనిపించకండి. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇంతకు మించి జవాబు లేదు.

అయినా ఆ సీరియళ్లలో పిల్లలందరూ అలా ఇట్టే పిలవలేదమ్మా. 1983లో మొదలైన ‘వెబ్‌స్టర్’ దాదాపు మీ ఇంటి కథే. అమ్మానాన్నలు కారు ప్రమాదంలో పోయాక పిల్లాడు తండ్రి స్నేహితుడి ఇంటికి చేరతాడు. ఆయన్ని జార్జ్ అని పేరు పెట్టి పిలుస్తాడు, ఆయన భార్యను మ్యామ్ అంటాడు. మరుసటి ఏడాది వచ్చిన ‘పంకీ బ్రూస్టర్’లో తల్లి వదిలేసిన పిల్ల, తనను పెంచుకున్న పెద్దాయన్ని హెన్రీ అనే పిలుస్తుంది. 1978 నాటి ‘డిఫరెంట్ స్ట్రోక్స్’లో అన్నదమ్ములకు తమను పెంచుకున్నాయన మొదట మిస్టర్ డ్రమ్మండే, డాడ్ అయింది తర్వాత. ఆ పిల్లల తల్లి ఆయన ఇంట్లో పనిచేసిన మనిషి. ఆమె చివరి కోరిక మన్నించే ఆయన వాళ్లను తెచ్చుకున్నాడు.

మరి మీ ఇంట్లో ఆ తల్లి ఎక్కడుంది? ‘పాప బెంగపడుతుందని వాళ్లమ్మ ఫొటో బీరువాలో పెట్టేశాను’ అని ఒక్క ముక్క రాసి దాటేశారు. ఇంకోచోట, జడ వేస్తుంటే ‘మా అమ్మ ఇంత గట్టిగా లాగేది కాదు’ అందనీ, దువ్వెన అక్కడే పడేసి లేచొచ్చేశాననీ రాశారు. సగం అల్లిన జడతో ఆ పిల్ల ఎంతసేపు అలా కూర్చుందో మాత్రం రాయలేదు.

మీ గొడవ పాపతో కాదు. పోయిన ఆవిడతో. మీరు ఆమెతో పోటీ పడుతున్నారు, ఆ సంగతి పిల్లకు తెలిసిపోయింది. అమ్మా అని మిమ్మల్ని పిలిస్తే వాళ్లమ్మ ఆ బీరువాలోనే ఉండిపోతుందని భయపడుతూ ఉండొచ్చు. జ్వరం వచ్చినప్పుడు తెల్లవార్లూ మేలుకున్నది మీరు, స్కూలుకు తిరిగేది మీరు. మీ మనసు నొచ్చుకోవడంలో తప్పు లేదు. కానీ చేసిన చాకిరీకి పిలుపును కూలిగా అడగడం నాకు ససేమిరా నచ్చదు. కన్నతల్లిని మరవకపోవడం ఆ పిల్ల హక్కు. దాన్ని కాపాడాల్సింది మీరే, ఆ ఇంట్లో పెద్దవాళ్లు మీరు కాబట్టి.

ఈరోజే ఫొటో తీసి పాప చేతికివ్వండి. ఎక్కడ పెట్టుకుంటుందో తననే అడగండి. జడ వేసేటప్పుడు ‘మీ అమ్మ ఎలా వేసేదో చెప్పు, అలాగే వేస్తాను’ అనండి. చెబుతూ ఏడిస్తే ఏడవనివ్వండి, మాట మార్చకండి. ఆంటీ అనే పిలుపు ఇంకా కొన్నేళ్లు ఉండొచ్చు, పెళ్లి పీటల దాకా ఉండొచ్చు. ఉండనివ్వండి.

చుట్టాల ముందు ‘అమ్మా అనవే’ అని మీ అత్తగారు పిల్లను నిలదీయడం ఆగాలి. ఆ మాట మీవారితో చెప్పించకుండా, మీరే వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని చెప్పండి.