పౌలు విధవరాండ్రను ఒంటరిగా ఉండమన్నాడా, పెళ్లి చేసుకోమన్నాడా?

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో విధవరాండ్రు తనలాగే పెళ్లి లేకుండా ఉండిపోవడం మేలన్న పౌలు, తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో యౌవన విధవరాండ్రు పెళ్లి చేసుకుని పిల్లలను కనాలని ఎందుకు అంటాడని మీరు అడిగారు. మా సంఘంలో స్త్రీల బైబిలు అధ్యయనం నడిపే రోజుల్లో, చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న ఒక అక్క ఇదే ప్రశ్న వేసి, తాను దేని ప్రకారం నడుచుకోవాలని అడిగారు. ఆమెకు జవాబు చెప్పడం కోసమే నేను ఈ విషయాన్ని శ్రద్ధగా చదివాను.

కొరింథు పత్రిక క్రీ.శ. 50ల నాటిది. లోకాంతం దగ్గరపడిందన్న నమ్మకంతో పౌలు ఆ సలహా ఇచ్చాడు. అంతం రాలేదు, తరాలు మారాయి, విధవరాండ్ర పోషణ సంఘం మీద పడింది, బయటివారు నిందించకుండా కుటుంబాలు నడవవలసి వచ్చింది. తిమోతి పత్రికలు పౌలు మరణం తర్వాత ఆయన పేరుతో వెలువడ్డాయని ఎక్కువమంది పండితులు భావిస్తారు, కాదనేవారూ ఉన్నారు. సంఘ అధ్యక్షుల అర్హతలు, సంఘపు లెక్కలో చేర్చదగిన అరవై ఏళ్లు నిండిన విధవరాండ్ర జాబితా వంటివి స్థిరపడుతున్న సంఘపు అవసరాలు కాబట్టి నాకు మొదటి అభిప్రాయమే సబబుగా తోస్తుంది.

అయితే పౌలు వారసత్వం ఈ ఒక్క దారినే సాగలేదు. రెండవ శతాబ్దంలో పుట్టిన థెక్ల కథలో, ఈకొనియకు చెందిన ఆ అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని పౌలు బోధ వింటుంది, కుదిరిన పెళ్లిని కాదంటుంది, కాల్చి చంపబోతే వర్షం మంటను ఆర్పుతుంది, అంతియొకయలో మృగాల మధ్య తనకు తానే బాప్తిస్మం ఇచ్చుకుంటుంది. చివరకు వెళ్లి వాక్యం బోధించమని పౌలే ఆమెను పంపుతాడు. ఇది స్త్రీ బోధించకూడదన్న తిమోతి పత్రికకు పూర్తిగా ఎదురు. స్త్రీలు బోధించడానికీ బాప్తిస్మం ఇవ్వడానికీ కొందరు ఈ కథనే ఆధారంగా చూపుతుంటే, సుమారు క్రీ.శ. 200లో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత అభ్యంతరం చెప్పాడు. ఆసియా ప్రాంతపు (నేటి పశ్చిమ టర్కీ) సంఘ పెద్ద ఒకడు దాన్ని రాసి, పౌలు మీది ప్రేమతోనే రాశానని ఒప్పుకుని పదవి వదులుకున్నాడని ఆయన అంటాడు. ఆ పెద్ద చెప్పిన కారణాన్ని నేను నమ్ముతాను. తిమోతి పత్రిక రాసినవారికీ పౌలు మీద ప్రేమ తక్కువని నేను అనుకోను. కథ మాత్రం ఆగలేదు. 384లో ఎగేరియా అనే యాత్రికురాలు నేటి టర్కీలోని సెలూకయ దగ్గరి థెక్ల మందిరానికి వెళ్లి, అక్కడ ఆ కథనంతా చదివింది.

ఆ అక్కకు నేను చూపించింది కొరింథు పత్రికలోని అదే అధ్యాయం 39, 40 వచనాలను. భర్త మరణించిన స్త్రీ తనకు ఇష్టమైనవానిని, అయితే ప్రభువునందు మాత్రమే, అంటే విశ్వాసినే, పెళ్లి చేసుకోవడానికి స్వతంత్రురాలని, అలాగే ఉండిపోతే మరింత ధన్యురాలని తన అభిప్రాయమని పౌలు అక్కడ చెబుతాడు. అంటే నిర్ణయం ఆమె చేతిలోనే పెట్టాడు. తర్వాతి తరాల్లో ఒకరు పెళ్లి చేసుకోవాలని, ఇంకొకరు వద్దని ఆయన పేరు మీదే చెప్పడంతో, ఆమెకిచ్చిన ఆ స్వేచ్ఛ రెండు వైపులా కుదించుకుపోయింది.