డేవిడ్ ష్రిగ్లీ వంకర బొమ్మలు: గీయడం రాకనా?

కాదు, బ్రిటన్ చిత్రకారుడు డేవిడ్ ష్రిగ్లీ కాగితం మీద ఆ వంకరటింకర బొమ్మల్ని కావాలనే అలా గీస్తాడు. చావు, భయం లాంటి బరువైన సంగతిని షేడింగులతో నున్నగా చూపిస్తే మనం ముందే బిగుసుకుపోతాం. పిల్లల గీతలా ఉంటే ముందు నవ్వేస్తాం, చురుక్కుమనేది తర్వాత.

ఆ తరహా బొమ్మ ఒకటి మనమే ఊహిద్దాం. విశాఖ ఆర్‌కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఉంది కదా. దాని ముందు చేపలు టికెట్లు కొని క్యూ కట్టాయనుకోండి. తలుపు మీద బోర్డు: "లోపలి మనుషులకు మేత వేయరాదు". నాలుగు గీతలు చాలు.

"మా బుడ్డోడూ గీస్తాడు" అంటారు చాలామంది. గీత వరకూ నిజమేనేమో! ఏ బొమ్మ పక్కన ఏ మాట పెట్టాలన్నదే అసలు పని. ష్రిగ్లీ గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివాడు, 2013లో బ్రిటన్‌లో పేరున్న కళా పురస్కారం టర్నర్ ప్రైజ్ తుది జాబితాకెక్కాడు.