నియమమా, ఫలితమా, జాలా: మా అమ్మమ్మకి చెప్పిన అబద్ధం

ఒక పని మంచిదా చెడ్డదా అన్నది నియమాన్ని బట్టా, ఫలితాన్ని బట్టా, మనసుకి అనిపించినదాన్ని బట్టా అని ఒకరు అడిగారు. నేను ఫిలాసఫీ చదివింది కొంచెమే, అదీ అవసరం పడి.

మా అమ్మమ్మకి డిమెన్షియా. మావయ్య పోయి అప్పటికి రెండేళ్లు, ఆవిడకి గుర్తుండదు. రాత్రిపూట దుప్పటి అంచు వేళ్లతో నలుపుతూ "వాడింకా రాలేదేంట్రా" అని అడిగేది. మొదట్లో నిజమే చెప్పేవాళ్లం, చెప్పిన ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఏడ్చేది, అరగంటకి మర్చిపోయి మళ్లీ అడిగేది, అంటే ఆవిడకి కొడుకు రాత్రికి మూడుసార్లు పోతున్నట్టు. ఇక నావల్ల కాక "రేపొస్తాడు అమ్మమ్మా, పడుకో" అనడం మొదలుపెట్టా. అక్క ఒప్పుకోలేదు. "మతి లేకపోతే మనిషి కాకుండా పోయిందా, నిన్నెవరైనా ఇలా మభ్యపెడితే ఊరుకుంటావా" అని వారం నాతో మాట్లాడలేదు.

నియమమే ముఖ్యమన్న జర్మన్ ఫిలాసఫర్ కాంట్‌ని అక్క చదవలేదు గానీ అది అచ్చం ఆయన మాటే. 1797లో రాసిన ఒక వ్యాసంలో, చంపడానికి వచ్చినవాడు మీ ఇంట్లో దాక్కున్న ఫ్రెండ్ గురించి అడిగినా సరే అబద్ధమాడకూడదంటాడు (నాకిది ఇప్పటికీ పిచ్చిగానే అనిపిస్తుంది). నేను ఫలితమే చూడమన్న ఇంగ్లిష్ ఫిలాసఫర్ మిల్ పార్టీ అనుకున్నా, 1861లో ఆయన రాసినదాని ప్రకారం సంతోషం పెంచేదే రైటు, ఇక్కడ ఏడుపు తగ్గింది కదా, లెక్క తేలిపోయింది. షోపెన్‌హావర్ అనే ఇంకో జర్మన్ ఫిలాసఫర్ అయితే నీతికి పునాది జాలే అని ఒక వ్యాసంలో అన్నాడు. పాపం ఆ వ్యాసం డానిష్ రాయల్ సొసైటీ అనే పండితుల సంఘం పెట్టిన పోటీకి పంపితే, వచ్చింది ఆయనదొక్కటే అయినా 1840లో ప్రైజ్ ఇవ్వలేదు, పెద్ద ఫిలాసఫర్లని తిట్టాడని కూడా ఒక కారణం.

ఒకరోజు రాత్రి అమ్మమ్మ ఏదో అంటుంటే పూర్తిగా వినకుండానే "రేపొస్తాడులే" అనేశా, కళ్లు ఫోన్ మీదే ఉన్నాయి. ఆవిడ అడిగింది మంచినీళ్లు.

అక్కడ దొరికిపోయా. ఆ లెక్కలో ఆవిడ ఏడుపుతో పాటు నా నిద్ర కూడా ఉంది, జాలి అనుకున్నదాంట్లో సగం విసుగే. డ్యూటీ కోసమే చేశాం అనుకున్న పనిలో కూడా స్వార్థం దాక్కుని లేదని ఎవరూ పక్కాగా చెప్పలేరని కాంట్ 1785లోనే రాశాడు, ఆయన నియమం నాకు పనికిరాలేదు గానీ ఈ అనుమానం మాత్రం బాగా పనికొచ్చింది. మిల్‌ది తప్పనట్లేదు, నీ సంతోషానికి ఎదుటివాళ్ల దానికన్నా ఎక్కువ బరువు వెయ్యొద్దనే ఆయన అన్నాడు, కానీ తక్కెడ పట్టుకున్నది నేను కదా.

అబద్ధం మానలేదు. "రేపొస్తాడు" అనేసి లేచి వెళ్లిపోవడం మానేశా, ఫోన్ పక్కన పడేసి మావయ్య చిన్నప్పటి అల్లరి గురించి అడిగితే ఆవిడే చెప్తూ చెప్తూ నిద్రపోయేది. అక్క అయితే ఇప్పటికీ ఒప్పుకోదు.